గడ్డకట్టించే చలి, గండం తప్పించే వైద్యం



ఒకనాటి సాయంత్రం గడివేముల దగ్గర ఒక రైతు ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. ప్రార్థన ముగించుకొని బయటికి వచ్చేసరికి గొడ్లపాక ముందు గోపాలమిత్ర నిలబడి ఉన్నాడు. ఎదకు వచ్చిన గేదెకు సూది వేయడానికి పిలిపించారట. అతడు క్యాను మూత తీయగానే తెల్లటి పొగ అంచు మీదుగా నేలమీదికి జారింది. పక్కనే నిలబడిన పిల్లవాడు ఆ పొగలో వేలు పెట్టబోయాడు.

"రేయ్, యేలు పెట్టొద్దురా, మాడిపోతాది" అని గోపాలమిత్ర గట్టిగా కసిరాడు.

చలికి మాడిపోవడమేమిటని ఆ పిల్లవాడు నా ముఖం చూశాడు. అది మంచి ప్రశ్నే. ఆ క్యానులో ఉన్నది లిక్విడ్ నైట్రోజన్, అంటే ద్రవరూపంలోకి మార్చిన నత్రజని. దాని చలి సున్నాకు 196 డిగ్రీలు కింద ఉంటుంది. మన ఇళ్ళలోని ఫ్రిజ్జులో ఐసు గడ్డకట్టే అరలో ఉండే చలి సున్నాకు సుమారు 18 డిగ్రీలు కింద మాత్రమే. అంతటి చలి తగిలితే చర్మం కాలిన పుండులాగానే బొబ్బలెక్కి చచ్చిపోతుంది.

ఆ క్యానులో మేలుజాతి ఆబోతు వీర్యం ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటుంది. అదే లిక్విడ్ నైట్రోజన్‌ను పట్టణంలో చర్మవ్యాధుల డాక్టరు పులిపిరికాయ మీద చల్లితే అది మాడి రాలిపోతుంది. ఒకచోట కాపాడే చలి మరొకచోట చంపుతున్నది. చంపే ఆ గుణాన్నే వైద్యులు రోగం మీదికి తిప్పారు. శరీరంలో చెడిన భాగాన్ని కత్తితో కోయకుండా గడ్డకట్టించి చంపే ఆ పద్ధతికి క్రయోథెరపీ అని పేరు. డాక్టర్లు పొట్టిగా "క్రయో" అంటారు. ఈ నెల దాన్ని గురించి మీతో మాట్లాడాలనుకోవడానికి ఒక కారణం ఉంది.

ఒక తల్లి సంగతి

మా సంఘంలో ఒక తల్లి ఉండేది. పేరు చెప్పను. ఆదివారం అందరికంటే ముందు వచ్చి గుడిలో చాపలు పరిచేది. ముట్లుడిగి నాలుగేళ్ళయిన తర్వాత ఆమెకు మళ్ళీ కొద్దికొద్దిగా ఎర్రబట్ట కనిపించింది. ఉడుకు చేసిందనుకొని సబ్జాగింజల నీళ్ళు తాగింది. తర్వాత దుర్వాసనతో తెల్లబట్ట మొదలైంది. పెనిమిటికి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. నాతో మాత్రం, "నడుము నొప్పికి ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నది. చేశాను. ఎన్నాళ్ళనుంచి నొప్పి, ఇంకేమైనా బాధ ఉందా అని నేను అడగలేదు. ఆడవారి సంగతి కదా అని మొగమాటపడ్డాను. మా ఇంటావిడ చేతనైనా అడిగించలేదు.

ఏడాది దాటిన తర్వాత ఆమెను కర్నూలుకు తీసుకొని పోయాము. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సరు, అప్పటికే మూత్రాశయం దాకా పాకింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదండీ. పదేళ్ళ క్రితం ఇది చిన్న మచ్చగా ఉండి ఉంటుంది. అప్పుడు చూసి ఉంటే గడ్డకట్టించి తీసేసేవాళ్ళం. పది పదిహేను నిమిషాల పని."

కరెంటు వైద్యం కొంత ఉపశమనం ఇచ్చింది. కానీ ఆమె ఎక్కువ కాలం బ్రతకలేదు. సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేసింది నేనే. ఆ పది పదిహేను నిమిషాల పని ఏమిటో తెలుసుకోవాలని ఆ తర్వాతనే పుస్తకాలు వెదికాను, వైద్యులను అడిగాను.

చలి ఎలా చంపుతుంది?

మన శరీరం కంటికి కనిపించని చిన్న చిన్న కణాలతో కట్టబడింది. ప్రతి కణం నీటితో నిండిన సంచి వంటిది. చలి తగిలినప్పుడు మొదట కణాల చుట్టూ ఉన్న నీరు ఐసుగా మారుతుంది. నీరు ఐసైపోగా మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట బయటికి వచ్చినట్టు, ఆ ఉప్పు కణం లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. కణం వడలిపోతుంది.

చలి మరీ వేగంగా, మరీ గట్టిగా తగిలితే కణం లోపలి నీరే ఐసు పలుకులవుతుంది. నిండుగా నీళ్ళు పోసి ఫ్రిజ్జులో పెట్టిన గాజుసీసా పగిలినట్టు కణం చెడిపోతుంది. ఐసు కరిగేటప్పుడు కూడా నష్టం ఆగదు. చిన్న పలుకులు కలిసి పెద్దవై కణం గోడలను చీలుస్తాయి, బయటి నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు కూడా మూసుకుపోతాయి. చలికి బ్రతికి బయటపడ్డ కణాలు రక్తం అందక ఆ తర్వాత చస్తాయి. అందుకే వైద్యులు వేగంగా గడ్డకట్టించి, నిదానంగా కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టిస్తారు. సున్నాకు 20 డిగ్రీలు కింద చాలా కణాలు చస్తాయి. క్యాన్సరు కణాలు మిగలకుండా ఉండాలంటే 40 నుంచి 50 డిగ్రీలు కిందికి పోవాలి.

మరి గోపాలమిత్ర క్యానులోని వీర్యం ఎందుకు చావదు? దాన్ని గడ్డకట్టించే ముందు కోడిగుడ్డు పచ్చసొన, గ్లిజరిన్ వంటివి కలుపుతారు. ఒక లెక్క ప్రకారం చల్లబరుస్తారు. వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో త్వరగా కరిగిస్తారు. ఆ రక్షణ ఉన్నందువల్ల ఐసు పలుకులు దాన్ని చీల్చవు. పులిపిరికాయకు ఆ రక్షణ ఏదీ లేదు.

ఉప్పు కలిపిన ఐసుతో మొదలు

ఐసు బండివాడు డబ్బా చుట్టూ ఐసుముక్కలు వేసి రాళ్ళుప్పు చల్లడం మీరు చూసే ఉంటారు. ఉప్పు కలిస్తే ఐసు మరింత చల్లబడుతుంది. ఇంగ్లండు దేశపు వైద్యుడు జేమ్స్ ఆర్నాట్ 1840ల చివరలో, 1850లలో సరిగ్గా ఈ మిశ్రమాన్నే పైకి తేలిన క్యాన్సరు పుండ్లమీద వాడాడు. రొమ్ము క్యాన్సరుకూ, గర్భసంచి మూతి క్యాన్సరుకూ కూడా వాడాడు. సున్నాకు 20 డిగ్రీలకు పైగా కిందికి దిగే ఆ చలితో పుండు కుంచించుకుపోయేది, నొప్పి తగ్గేది. రోగం మాత్రం నయం కాలేదు, ఎందుకంటే అప్పటికే లోపలికి పాకి ఉండేది.

ఆ తర్వాత గాలినే ద్రవంగా మార్చే విద్య వచ్చింది. 1899లో న్యూయార్కులో క్యాంప్‌బెల్ వైట్ అనే వైద్యుడు ద్రవరూపంలోని గాలిని దూదితో అద్ది చర్మరోగాలకు వాడాడు. 1907లో షికాగో వైద్యుడు పూసీ బొగ్గుపులుసు వాయువును మంచుగా చేసి వాడాడు. 1950లో ఆలింగ్టన్ లిక్విడ్ నైట్రోజన్‌ను పులిపిరికాయలకు వాడాడు. 1961లో ఇర్వింగ్ కూపర్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆర్నాల్డ్ లీతో కలిసి కొన మాత్రమే గడ్డకట్టించే సన్నని గొట్టం తయారుచేసి, చేతులు వణికే పార్కిన్సన్ రోగులకు చికిత్స చేశాడు. నేటి క్రయో పరికరాలకు అదే తాత.

అదే 1961లో పోలండు దేశపు కంటి వైద్యుడు క్ర్వావిచ్ మంచుకొనకు కంటి శుక్లాన్ని అంటించి బయటికి లాగే పద్ధతిని లోకానికి తెలిపాడు. లోపల లెన్సు పెట్టే పద్ధతి మన ఊళ్ళకు రాకముందు, కళ్ళ క్యాంపులలో ఆపరేషను చేయించుకొని మందపాటి అద్దాలు పెట్టుకున్న పెద్దలను తలచుకోండి. వారిలో చాలామందికి శుక్లం తీసింది ఈ చలితోనే.

గర్భసంచి మూతి దగ్గర పదకొండు నిమిషాలు

ఇక ఆ డాక్టరమ్మ చెప్పిన సంగతికి వద్దాము. గర్భసంచి మూతి క్యాన్సరుకు దాదాపు ఎప్పుడూ హెచ్.పి.వి. అనే వైరసే కారణం. ఇది సంసార జీవితంలో ఉన్న ఎవరికైనా సోకవచ్చు. దీన్ని బట్టి భార్యనో భర్తనో తప్పుపట్టే పని లేదు. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా నిలిచి, గర్భసంచి మూతి పైపొరలో మార్పులు తెస్తుంది. ఆ మార్పు క్యాన్సరుగా ముదరడానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు, రక్తం కనబడదు. కాబట్టి బాధ కలిగాక పోదామనుకునేవారు ఆలస్యంగానే పోతారు.

ఆ మార్పును కనిపెట్టే సులువైన పరీక్ష ఒకటుంది. నర్సు గర్భసంచి మూతికి వెనిగర్ వంటి పలుచని ఎసిటిక్ ఆసిడ్ అద్ది ఒక నిమిషం ఆగి చూస్తుంది. చెడిన భాగం ఉంటే తెల్లటి మచ్చగా తేలుతుంది. ఇప్పుడు వైరస్ ఉన్నదో లేదో చెప్పే హెచ్.పి.వి. పరీక్ష కూడా వచ్చింది. ఇది వెనిగర్ పరీక్షకంటే నమ్మకమైనది.

మచ్చ చిన్నదై, పూర్తిగా కంటికి కనిపిస్తూ, లోపలి దారిలోకి పాకకుండా, క్యాన్సరు అనుమానం లేకుండా ఉంటే క్రయో చేయవచ్చు. గుండ్రటి లోహపు కొనను మచ్చమీద ఆనిస్తారు. సిలిండరులోని నైట్రస్ ఆక్సైడో బొగ్గుపులుసు వాయువో సన్నని రంధ్రంగుండా ఆ కొనలోకి వదులుతారు. గట్టిగా కొట్టిన సైకిలు ట్యూబులో గాలి వదిలినప్పుడు వాల్వు దగ్గర చల్లగా తగులుతుంది చూడండి. ఇదీ అటువంటిదే, కాని చలి ఎన్నో రెట్లు ఎక్కువ. మూడు నిమిషాలు గడ్డకట్టించి, అయిదు నిమిషాలు కరగనిచ్చి, మళ్ళీ మూడు నిమిషాలు గడ్డకట్టిస్తారు. మొత్తం పదకొండు నిమిషాలు. కోత లేదు, కుట్లు లేవు, మత్తు సూది కూడా చాలావరకు అక్కరలేదు. ముట్టు నొప్పి వంటి నొప్పి కొద్దిసేపు ఉంటుంది. ఆ రోజే ఇంటికి పోవచ్చు.

తర్వాత నాలుగు వారాల వరకు నీళ్ళవంటి తెల్లబట్ట అవుతుంది. అది చచ్చిన పొర కరిగిపోవడమే, దానికి భయపడనక్కరలేదు. ఆ నాలుగు వారాలు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. ఈ మాట భర్తకు కూడా తెలియాలి. జ్వరమూ, చెడు వాసనా, ఎక్కువ రక్తమూ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఏడాదికి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. తగినవారికి చేస్తే నూటికి 85 నుంచి 90 మందికి మచ్చ పోతుందని వైద్యులు చెబుతారు.

దిండిగల్ పల్లెలు నేర్పిన పాఠం

ఇది పట్టణాలకూ పెద్ద ఆసుపత్రులకూ మాత్రమే చెందిన వైద్యమని అనుకోకండి. తమిళనాడులోని దిండిగల్ జిల్లా మనవంటి పల్లెల జిల్లా. అక్కడ అంబిలిక్కై గ్రామంలోని క్రిస్టియన్ ఫెలోషిప్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ వారు, చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థలతో కలిసి, 2000 సంవత్సరంలో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. డాక్టర్ శంకరనారాయణన్ గారు దానికి నాయకత్వం వహించారు.

జిల్లాలోని 114 పంచాయతీలను రెండు భాగాలు చేశారు. సగం పంచాయతీలలో 30 నుంచి 59 ఏళ్ళ స్త్రీలను పరీక్షకు పిలిచారు. శిక్షణ పొందిన నర్సులు వెనిగర్ పరీక్ష చేశారు. మచ్చ కనబడినవారిని మరింత నిశితంగా పరీక్షించి, తగినవారికి క్రయో చేశారు. మిగతా సగం పంచాయతీలలో అప్పటికి ఉన్న వైద్యసేవలే ఉన్నాయి. ఫలితాలు 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. పరీక్షకు పిలిచిన పంచాయతీలలో ఈ క్యాన్సరు నూటికి 25 వంతులు, దానితో మరణాలు నూటికి 35 వంతులు తగ్గాయి. జీవితంలో ఒక్కసారి చేసిన పరీక్షతో ఇంత మేలు జరిగింది.

అయితే ఆ లెక్కల్లో మరొక సంగతి ఉంది. పరీక్షకు పిలిచినవారు 49,311 మంది. వచ్చినవారు 31,343 మంది. అంటే ఇంటి దగ్గరికి వచ్చి పిలిచినా దాదాపు 18 వేలమంది రాలేదు. వచ్చినవారిలో 1,874 మందికి క్యాన్సరుకు ముందు దశ మార్పులు కనిపిస్తే, చికిత్స చేయించుకున్నవారు నూటికి 72 మందే. మచ్చ ఉందని తెలిసీ మిగతావారు ఆగిపోయారు. సిగ్గా, భయమా, కూలి పోతుందనా, భర్త వద్దన్నాడా అన్నది లెక్కలు చెప్పవు. మా సంఘపు తల్లిని తలచుకుంటే నాకు కొంత అర్థమవుతుంది.

పసిబిడ్డ కంట్లో తెల్లటి మెరుపు

చలి వైద్యం చిన్న రోగం మీదనే పనిచేస్తుందనడానికి మరొక ఉదాహరణ చూడండి. అయిదేళ్ళలోపు పిల్లలకు కంటి లోపల రెటీనా మీద వచ్చే క్యాన్సరు ఒకటుంది, దాన్ని రెటినోబ్లాస్టోమా అంటారు. దీపం వెలుగులో బిడ్డ కంటిపాప నల్లగా ఉండక, రాత్రిపూట పిల్లి కన్నులా తెల్లగా మెరుస్తుంది. మెల్లకన్ను కూడా రావచ్చు. గడ్డ కొద్ది మిల్లీమీటర్లే ఉండి రెటీనా ముందుభాగంలో ఉంటే, కంటి బయటినుంచే మంచుకొన ఆనించి గడ్డకట్టించి చంపుతారు. ముదిరితే కన్ను తీయవలసి రావచ్చు, ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ కంటి క్యాన్సరుకు ప్రత్యేక విభాగమే ఉంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల రెటీనా రోగానికి కూడా చలి ఉపయోగపడింది. క్రయోతో గుడ్డితనం వంటి చెడు ఫలితాలు సుమారు సగానికి తగ్గాయని 1988లో అమెరికాలో తేలింది. ఇప్పుడు ఆ పని చాలావరకు లేజరు చేస్తున్నది. ఏ పద్ధతి అయినా వేళకు చూపించడమే ముఖ్యం. రెండు కిలోలలోపు బరువుతో గానీ, 34 వారాలు నిండకముందే గానీ పుట్టిన బిడ్డకు నెల తిరగకముందే కంటి డాక్టరుచేత రెటీనా పరీక్ష చేయించండి.

చలికి ఉన్న హద్దులు

ఉన్నమాట చెప్పాలి. ముదిరి పాకిన గర్భసంచి మూతి క్యాన్సరును క్రయో నయం చేయదు. దానికి ఆపరేషను, రేడియేషను, మందులు కావాలి. మూత్రపిండం, ప్రోస్టేటు వంటి లోపలి అవయవాలలోని కొన్ని చిన్న గడ్డలను ఆర్గాన్ వాయువుతో చల్లబరచిన సూదులతో చంపే పద్ధతి ఉన్నది కాని, అదీ తగినవారిని ఎంచి చేసేదే.

చర్మం మీద చేసినప్పుడు మనవంటి నలుపు, చామనచాయ వారికి అక్కడ తెల్లటి మచ్చ మిగలవచ్చు. రంగునిచ్చే కణాలు మిగతా కణాలకంటే తక్కువ చలికే చస్తాయి. అందువల్ల ముఖంమీద చేయించుకునేముందు డాక్టరును అడగండి. ఇంట్లో ఐసుగడ్డ అదిమిపెట్టడం, సున్నమో ఆసిడో పూయడం, పశువుల క్యానులోనిది పులిపిరికాయకు తాకించడం వంటివి ఎన్నటికీ చేయకండి.

గర్భసంచి మూతి చికిత్సలో కూడా చలికి ఇప్పుడు తోడు వచ్చింది. వాయువు సిలిండర్లు పల్లెలకు మోసుకురావడం కష్టం. అందుకని వేడిచేసిన కొనతో నిమిషంలోపే ఆ మచ్చను మాడ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించింది. చలి కావచ్చు, వేడి కావచ్చు. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే రెండూ పనికివస్తాయి.

ఇక మనం చేయవలసినది

2022 సంవత్సరపు అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేలమంది స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా వచ్చింది, సుమారు 80 వేలమంది చనిపోయారు. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ముందుగా మీ ఊరి ఏ.ఎన్.ఎమ్.నో ఆశా కార్యకర్తనో, లేదా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడగండి. అక్కడ చేయలేనిదైతే నంద్యాలకో కర్నూలుకో పంపుతారు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది గనుక దూరమన్న సాకు కూడా మునుపటంత లేదు. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా గురించి కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.

తల్లులారా, ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించినా, సంసారం తర్వాత కనిపించినా, వాసనతో తెల్లబట్ట అయినా అది ఉడుకు కాదు. ఆ వారమే డాక్టరమ్మకు చూపించండి. ఏ బాధా లేకపోయినా 30 దాటినవారు ఒకసారి పరీక్షకు పోండి. భర్తలారా, భార్య చెప్పేదాకా ఆగకండి. మీరే వెంట తీసుకొని పోండి, ఒకరోజు కూలి పోతే పోనివ్వండి. అత్తలారా, మీరు పరీక్ష చేయించుకుంటే కోడలికి ధైర్యం వస్తుంది.

తోటి సేవకులకు కూడా ఒక మాట. నడుము నొప్పికి ప్రార్థన చేయమని ఎవరైనా తల్లి అడిగితే ప్రార్థన చేయండి. చేసిన తర్వాత, మీరు కాకపోతే మీ ఇంటావిడ చేతనైనా, ఎన్నాళ్ళనుంచి ఉంది అమ్మా అని అడిగించండి. మా గుడిలో ఇప్పుడు స్త్రీల కూడికలో ఏడాదికొకసారి నర్సమ్మను పిలిపించి ఈ సంగతి మాట్లాడిస్తున్నాము. మొదటి ఏడాది తలలు వంచుకొని విన్నారు. రెండో ఏడాది ప్రశ్నలు అడిగారు. మొన్న కూడిక అయిన తర్వాత ఏడుగురు తల్లులు కలిసి ఒకే ఆటోలో ఆసుపత్రికి బయలుదేరారు. వారిలో ఒకామె, ఆదివారం ముందుగా వచ్చి చాపలు పరిచే ఆ తల్లి కోడలు.